నీలం రికార్డు, రెండో వైపు

ఫిబ్రవరి 6

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నేను దిద్దే ప్రూఫు కాగితాలూ. నీ బటన్ ఫోనులో ఇంత పెద్ద సంగతి పట్టదు కనక కాగితం మీద పెడుతున్నాను.

మన రికార్డు మళ్ళీ వేస్తారట. అవును, మనదే. నువ్వు పాడుతూ బేస్ గిటారు పట్టినదీ, నేను గిటారు వాయించినదీ, బావ డ్రమ్ములు బాదినదీ. చెప్పుల దుకాణం పైగదిలో, కింద బేరాలు వినపడకుండా గోడలకి దుప్పట్లు కొట్టి, చలికి వణుకుతూ చేసిన పాటలు. అప్పట్లో అమ్ముడైనవాటికంటే మనం ఊరికే పంచినవే ఎక్కువ. ఇప్పుడేమో దాన్ని ఆల్టర్నేటివ్ రాక్‌లో దాగిపోయిన నిధి అంటున్నారు. బావ ఉంటే, "దాక్కోలేదురా బాబూ, మీరెవరూ వెతకలేదు" అనేవాడు.

వేసేది ఒకావిడ. తన ఇంటి కార్ల షెడ్డులోనే చిన్న కంపెనీ పెట్టుకుని, మరుగున పడ్డ పాత రికార్డుల్ని రంగు వినైల్ ప్లాస్టిక్ మీద మళ్ళీ అచ్చు వేస్తుంది. మనకి రికార్డింగు చేసిపెట్టిన ఇంజనీరు ఇంటి అటక మీద అసలు టేపులు దొరికాయట. వాటినుంచి అన్నీ కొత్తగా కలిపి, శుభ్రం చేసి వేస్తానంది. రంగు కూడా అనుకుంది. ముదురు ఎరుపు, అందులో నల్లటి చారలు. ఏ రెండు రికార్డులకీ చారలు ఒకేలా పడవట. ఆవిడ పంపిన బొమ్మ ఇందులో పెడుతున్నాను, చూడు, భలే ఉంది.

బావ తరఫున నువ్వు ఒప్పుకోవాలి. ఆవిడ నీకు ఫోను చేస్తుంది. విసుక్కోకుండా మాట్లాడు.

నీ
బుల్లి

ఫిబ్రవరి 15

బుల్లీ,

బొమ్మ చూశాను. చూసి బల్ల సొరుగులో బోర్లా పెట్టేశాను.

ఎరుపు మీద నల్లచారలు నీకు భలే ఉన్నాయి. ఆసుపత్రిలో మీ బావ చొక్కా మడిచి నా చేతికిచ్చినప్పుడు అదీ ఆ రంగుల్లోనే ఉంది. పొద్దున నేను ఇస్త్రీ చేసిచ్చినప్పుడు తెల్లచొక్కా. తడిరోడ్డు మీద ఈడ్చుకుపోయిన తారు చారలు అవి. బోల్తాపడ్డ ఆ వ్యానులో నువ్వూ ఉన్నావు కదా, నీకు గుర్తు రాలేదంటే నేను నమ్మాలా? జ్వరమని నేను ఆ రోజు కచేరీకి వెళ్ళలేదు. వెళ్ళినదానివి నువ్వు.

ఇదంతా ఫోనులో అడుగుదామనే చూశాను. ఎన్నిసార్లు చేసినా నువ్వు తియ్యవు. మొన్న తీసి, "హలో, హలో" అని నువ్వే అరిచి, నేను మాట్లాడుతుండగానే పెట్టేశావు. ఇదివరకు నాలుగు నెలలకోసారైనా మాట్లాడేదానివి. ఈమధ్య నా గొంతు వినడానికి కూడా నీకు మొహం మొత్తినట్టుంది.

ఇక్కడ కళ్ళజోళ్ళ దుకాణంలో పని ఎప్పటిలాగే. పొద్దస్తమానం జనం కళ్ళకి అద్దాలు బిగిస్తూ, "ఇప్పుడు బాగా కనపడుతోందా?" అని అడగడం. దుకాణం పెద్దాయనకి మోకాలు నొప్పి. కుర్చీలో కూర్చునే అందరిమీదా అరుస్తున్నాడు.

రికార్డులావిడ మర్యాదస్తురాలే. ఆలోచించుకుంటానన్నాను.

అక్క

ఫిబ్రవరి 22

అక్కా,

నీ ఉత్తరం మొన్న అందింది. ఒట్టు, నాకు ఆ చొక్కా సంగతి తెలియదు. అప్పుడు నేను వేరే వార్డులో, కాలికి కట్టుతో పడి ఉన్నాను. ఆ చొక్కా నీ చేతికిచ్చారని ఇన్నేళ్ళలో నువ్వు నాకు చెప్పనేలేదు. నేనూ అడగలేదు.

ఎరుపు వద్దని ఆవిడకి ఆ రోజే రాసేశాను. ఆవిడ వెంటనే జవాబు రాసింది. "రంగు మీ అక్కగారినే చెప్పమనండి, ఏది చెబితే అది పోయిస్తాం" అంది. రంగు అంటే పైన పూత కాదట అక్కా. వినైల్ గింజల్లోనే రంగు కలిపి, కరిగించి, ముద్ద చేసి, అచ్చుల మధ్య పెట్టి నొక్కుతారట. లోపలి దాకా అదే రంగు. కాబట్టి బాగా ఆలోచించి చెప్పు.

ఫోను పాడైంది. స్పీకర్‌లో ఏదో గరగర. బాగుచేయించాలి. అందాకా ఉత్తరాలే రాసుకుందాం, సరేనా? చిన్నప్పుడు సెలవుల్లో రాసుకునేవాళ్ళం కదా.

నాకు కొత్త పని వచ్చింది. రైతుల పంపుసెట్ల మీద పుస్తకం, అచ్చుతప్పులు దిద్దాలి. పుస్తకం రాసినాయనకి కామా అంటే పరమ ఇష్టం. దొరికిన చోటల్లా జల్లాడు.

నీ
బుల్లి

మార్చి 4

బుల్లీ,

నీలం.

పైగదిలో కిటికీ వైపు గోడకి కొట్టామే, ఆ నీలం దుప్పటి. మీ బావ వాళ్ళింట్లోంచి ఎత్తుకొచ్చింది. పాడేటప్పుడు నేను దానికేసే చూస్తూ పాడేదాన్ని. మీ ఇద్దరి మొహాలు చూస్తే నవ్వొచ్చేది. చారలూ మచ్చలూ వద్దు, ఒకటే నీలం. రికార్డులావిడకి చెప్పాను. కారణం అడగలేదు, నేనూ చెప్పలేదు. కాగితాల మీద సంతకం కూడా పెట్టాను.

ఎరుపు గురించి నేను నోరు జారాను. నీకు తెలియదన్న ఆలోచన నాకు రానేలేదు.

కానీ ఒక సంగతి మనసులో పెట్టుకోలేను. ఆవిడ మాటల్లో అంది: "మీ చెల్లెలు స్టూడియోకి వచ్చారండి. పాటలు వేసి వినిపిస్తుంటే తలూపుతూ కూర్చున్నారు. ఎలా ఉందంటే మా అక్కే చెప్పాలన్నారు. కాసేపటికి బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు." ఒకప్పుడు ఒక్క తీగ రవ్వంత తగ్గితే పాట ఆపించి మా ప్రాణాలు తోడేసిన మనిషివి! అంత వైరాగ్యం ఎప్పుడొచ్చింది నీకు? గిటారు పాఠాలు చెప్పడం మానేసినప్పుడు కూడా విసుగొచ్చిందన్నావు. పాటలంటేనే విసుగొస్తే ఇదంతా నెత్తినెందుకు పెట్టుకున్నావు?

అక్క

మార్చి 19

అక్కా,

నీలం చాలా బాగుంది. నాకు తట్టనే లేదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సెలు వస్తుంది. అది నమూనా రికార్డు. మొత్తం అచ్చు వేసేముందు ఇలా కొన్ని తీసి, విని చూసుకోమని ఇస్తారు. నమూనా నలుపులోనే వస్తుంది, నీలం కాదేమని కంగారు పడకు. బాగుందంటే అచ్చు మొదలుపెడతారు. ఎక్కడైనా చిటపటలున్నా, ప్లేయరు ముల్లు ఎగిరినా, పాటలో ఏదైనా తేడా ఉన్నా ఇప్పుడే చెప్పాలి. తరవాత చెప్పి లాభం లేదు.

నీ గొంతు పాత రికార్డులోకంటే కొంచెం ముందుకి తెచ్చామన్నారు. అది నీకు నచ్చిందో లేదో చూడు. రెండు వైపులూ మొదటినుంచి చివరిదాకా వినక్కా. విని రాయి. వచ్చే నెలాఖరులోగా చెప్పాలట.

నీ
బుల్లి

మార్చి 25

నీకు మనసు ఉందా?

పార్సెలు వచ్చింది. విప్పలేదు. మీ బావ పోయాక ఆ రికార్డు నేను ముట్టుకోలేదని నీకు తెలుసు. ప్లేయరు ఎవరికో ఇచ్చేస్తుంటే పక్కన నిలబడి చూసింది నువ్వే. ఎక్కడైనా డ్రమ్ములు వినపడితే అక్కడినుంచి లేచి వచ్చేస్తానని తెలుసు. అంతా తెలిసి, రెండు వైపులూ కూర్చుని వినమని నాకు పంపుతావా? అదేదో కూరగాయల జాబితా పంపినట్టు?

నువ్వు ఆ గదిలోనే కూర్చున్నావు. వాళ్ళు వేసి వినిపించారు. నీ దగ్గరా ఒక నమూనా ఉండే ఉంటుంది. నీ పాట నువ్వు వినలేవా? నీ చెవులకేమొచ్చింది?

పార్సెలు అలాగే వెనక్కి పంపుతున్నాను. నువ్వే విని, నువ్వే చెప్పుకో.

ఏప్రిల్ 2

అక్కా,

నా చెవులకేమొచ్చిందని అడిగావు. చెబుతాను.

మూడేళ్ళ కిందట మొదలైంది. ముందు ఎడమ చెవి. వేదిక మీద నేనెప్పుడూ బావకి కుడివైపున నిలబడేదాన్ని, ఆయన పెద్ద ఇత్తడి సింబల్ పళ్ళెం సరిగ్గా నా ఎడమ చెవి దగ్గర ఉండేది. డాక్టరు అడిగితే అదే చెప్పాను. ఆవిడ నవ్వకుండా రాసుకుంది. తరవాత కుడిది కూడా. పాఠాలు మానేసింది విసుగొచ్చి కాదు. ఒక పిల్ల తప్పు వాయిస్తుంటే భేష్ అన్నాను. ఆ పిల్ల నా మొహంకేసి అదోలా చూసింది. మర్నాటినుంచి వెళ్ళలేదు.

ఇప్పుడు రెండు చెవులకీ మిషన్లున్నాయి. ఎదురుగా కూర్చుని నింపాదిగా మాట్లాడితే, పెదాలు చూస్తూ చాలావరకు పట్టుకుంటాను. ఫోనులో మాత్రం ఏమీ తెలియదు. ఆ రోజు నువ్వు మాట్లాడుతున్నావని కూడా తెలియలేదక్కా, లైను తెగిందనుకుని పెట్టేశాను. ఫోను పాడైందని రాసింది అబద్ధం. పాడైంది నేను.

మాటలు నయం. సంగీతం సంగతి చెప్పుకోకూడదు. మిషను పెట్టుకుని వింటే ఇనప బాల్చీలో మేకులు పోసి ఊపినట్టుంటుంది. స్టూడియోలో మన పాటలు వేశారు. ఏ పాటో గుర్తుపట్టలేకపోయాను. ఇంజనీరు వేళ్ళు బల్ల మీద ఆడుతుంటే వాటిని చూసి తలూపాను. ఒక పాట అయిపోయాక కూడా ఊపుతున్నానట, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు లేచి మెట్ల దగ్గరికెళ్ళాను.

ఎందుకు చెప్పలేదంటావేమో. నీ దగ్గర మిగిలింది నేనొక్కదాన్నే. బావ పోయాక నువ్వు పాడటం మానేశావు. నేను కూడా ఇలా అయ్యానంటే మన ముగ్గురిలో మూడో మనిషి కూడా పోయినట్టే కదా. నువ్వు జాలిపడతావని కాదు. నువ్వు ఇంకోసారి కూలబడతావని.

రికార్డు నెత్తినెందుకు పెట్టుకున్నానంటే, మనం చేసినదాన్లో నాకు ఇష్టమైనది అదొక్కటే. అది తప్పుగా బయటికి వెళ్ళకూడదు. దాన్ని విని చెప్పగలిగినదానివి లోకంలో నువ్వొక్కదానివే. నీకెంత కష్టమో తెలిసే అడిగాను. సరిగ్గా అడగడం చేతకాలేదు.

పార్సెలు ఇంకా నాకు చేరలేదు. వచ్చినా దాన్నేం చేసుకోను? వినలేనంటే సరే, నేనే ఆవిడకి ఏదో ఒకటి చెబుతాను.

బుల్లి

ఏప్రిల్ 9

బుల్లీ, నా తల్లీ,

పార్సెలు నేను పంపలేదు. కోపంలో రాసేశాను గాని పోస్టాఫీసు దాకా వెళ్ళి, వరసలో నిలబడి, మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాను.

నీ ఉత్తరం దుకాణంలోనే చదివాను. అద్దాల కోసం వచ్చినాయన, "మీక్కూడా కళ్ళు చూపించుకోవాలేమోనమ్మా, నీళ్ళు కారుతున్నాయి" అన్నాడు. చెవుల సంగతి నేను కనిపెట్టకపోవడం నాకు మింగుడు పడటం లేదు. దాని గురించి ఎదురుగా కూర్చున్నప్పుడు తిడతాను. ముందు నువ్వు చెప్పిన పని.

పెద్దాయన ఇంట్లో ప్లేయరు ఉంది. సెలవు రోజు మధ్యాహ్నం వెళ్ళాను. మొదటి పాట మొదలవగానే ఆయన, "ఎవరమ్మా లారీలోంచి రేకులు దింపుతున్నది?" అన్నాడు. "నేనేనండీ" అన్నాను. ఆయన కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

ఇక రాసుకో. చిటపటలు లేవు. ముల్లు ఎక్కడా ఎగరలేదు. మొదటి పాటలో నీ గిటారు ఎడమ పక్కనుంచి వస్తుంది. పాత రికార్డులో బురదగా ఉండేది, ఇప్పుడు ఒక్కో తీగా విడివిడిగా తెలుస్తోంది. నువ్వు మీటే ముందు వేలు తీగ మీద జరిగే చప్పుడు కూడా ఉంది. రెండో పాటలో నా గొంతు మరీ ముందుకొచ్చింది. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. మొదట సిగ్గేసింది. తరవాత, పోనీ, అప్పుడు అంత ఊపిరి ఉండేది కదా అనుకున్నాను. మూడో పాట మధ్యలో నువ్వు తప్పావు. తప్పి, దాన్నే మళ్ళీ వాయించి, కావాలని చేసినట్టు దిద్దేశావు. ఇన్నాళ్ళూ అది పాటలో భాగమే అనుకున్నాను. దొంగపిల్లా.

డ్రమ్ముల గురించి రాయాలి. మొదటి వైపంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను. తీరా వింటుంటే భయపడినట్టు లేదు. మీ బావ చాలా తక్కువ వాయిస్తాడు బుల్లీ. మనం ఎంత గోల చేసినా ఆయన మన కింద నేల పరిచినట్టు వాయిస్తాడు. అప్పుడు నాకు తెలియలేదు. నేను ఆయన కుర్రతనమే చూశాను.

రెండో వైపు తిప్పాను. అందులో రెండో పాట మొదలయ్యే ముందు ఏదో ఉంది. మొదట కిర్రుమని తలుపు తీసినట్టు చప్పుడు. తరవాత మీ బావ గొంతు.

గొంతు. ఆయన మాట. రికార్డు మొత్తంలో ఆయన నోరు విప్పింది ఎక్కడా లేదని మనకు తెలుసు కదా. "నీళ్ళేమన్నా ఉన్నాయా?" అని అడిగాడు. మామూలుగా, పక్కగదిలోంచి అడిగినట్టు. ఎవరూ జవాబు చెప్పలేదు. కర్రలు నాలుగుసార్లు కొట్టాడు, పాట మొదలైపోయింది.

ముల్లు ఎత్తేశాను. లేచి, పెద్దాయన వంటింట్లోకి వెళ్ళి, గ్లాసులో నీళ్ళు పోసి, చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన నావైపు చూసి, "కూర్చోమ్మా" అన్నాడు.

మిగతా పాటలు తరవాత విన్నాను. అన్నీ బాగున్నాయి. ఆ మాట మాత్రం తీసేయమను. పాత రికార్డులో లేదు, ఇప్పుడు ఎందుకు? అది నాది. డబ్బులిచ్చి కొనుక్కున్నవాళ్ళంతా వినడానికి కాదు.

అక్క

ఏప్రిల్ 15

అక్కా,

నీ ఉత్తరం చదవడం కాదు, విన్నాను. మొత్తం రికార్డు నాకు వినపడింది. నా తప్పు పట్టేశావుగా!

ఆ కిర్రుమన్నది తలుపు కాదు, బావ స్టూలు. ఎడమకి ఒరిగి కూర్చునేవాడు, అదెప్పుడూ మొత్తుకునేది. అప్పట్లో పాటల మధ్య ఉన్నవన్నీ కోసేశారు. ఇప్పుడు టేపు మొత్తం మళ్ళీ ఎక్కించేటప్పుడు అది మిగిలిపోయినట్టుంది. ఆవిడని అడిగాను. "మీరిద్దరూ ఏం చెబితే అది. తీసేయాలంటే అచ్చు మళ్ళీ చేయించాలి, కొంచెం ఆలస్యమవుతుంది, అంతే" అని రాసింది.

నువ్వు తీసేయమంటే తీసేయిస్తాను. ఆయన నీ మనిషి. కానీ అడగకుండా ఉండలేక ఒక్క మాట అడుగుతున్నాను. ఆ మాట నేను వినలేను. ఎంత ఖరీదు మిషను పెట్టుకున్నా వినలేను. నువ్వు కాయితం మీద రాసినంతే నాకు. తీసేస్తే నీ తరవాత దాన్ని వినేవాళ్ళుండరు. ఉంచితే, ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల తన గదిలో కూర్చుని వింటుంది, ఎవరో ఒకాయనకి దాహమేసింది అనుకుంటుంది. బావ డ్రమ్ములు బాగా వాయించాడని చాలామందే అంటారు. ఆయనకి దాహం వేసిందని తెలిసేవాళ్ళు కూడా కొందరుంటే బాగుంటుంది కదా అక్కా?

ఉండటమో తీసేయడమో, నీ ఇష్టం. ఇక దీని గురించి మళ్ళీ అడగను.

నీ
బుల్లి

ఏప్రిల్ 21

బుల్లీ,

ఉండనీ.

నిన్న మళ్ళీ పెద్దాయన ఇంటికెళ్ళి ఆ ఒక్క పాటే విన్నాను. ఈసారి ముల్లు ఎత్తలేదు. కర్రల చప్పుడయ్యాక నా గొంతు మొదలవుతుంది చూడు, అక్కడ నేను నవ్వు ఆపుకుంటున్నాను. మొదటి లైనులో తెలుస్తోంది. అంటే ఆయన అడిగినదానికి మనలో ఎవరో ఏదో సైగ చేసి ఉంటారు. నువ్వే అయ్యుంటావు. అది తీసేస్తే నేనెందుకు నవ్వుతున్నానో ఎవరికీ తెలియదు.

రికార్డులావిడకి ఫోనులో చెప్పేశాను. "బాగుందండీ, వేసేయండి" అన్నాను. ఆవిడ నీలం గింజలు అప్పుడే తెప్పించేసిందట.

ఆదివారం నేను నీ దగ్గరికి వస్తున్నాను. పెద్దాయన నాలుగు రోజులు సెలవిచ్చాడు. ఇచ్చాడంటే, సణిగి ఇచ్చాడు. నీ మిషన్లు చూపించు, డాక్టరు పేరు చెప్పు, ఆవిడ దగ్గరికి ఇద్దరం వెళదాం. నేను నీకు ఎదురుగా కూర్చుని నింపాదిగా మాట్లాడతాను, నా పెదాలు చూడు. తిట్లు కూడా నింపాదిగానే తిడతాను, ఒక్కటి కూడా వదలకుండా పట్టుకో.

బండి మధ్యాహ్నం చేరుతుంది. స్టేషనుకి రాకు, దారి నాకు తెలుసు. తలుపు మాత్రం గడియ పెట్టకు. నేను బెల్లు కొడితే నీకు వినపడదు.

అక్క